రేడియో గంటయు, పంచాంగపు ఘడియయు



కొన్నియేండ్ల క్రిందట అనంతపురము ప్రాంతమున నొక వివాహమునకు పోయితిని. వరునివారు విశాఖపట్టణమువారు. వారు తెచ్చిన పంచాంగము తమ యూరి సూర్యోదయమునుబట్టి గణించినది. నాటి మంచి తిథి సూర్యోదయాది పది ఘడియలవఱకు నున్నట్లు దానిలో కలదు. పురోహితులవారు పెండ్లియూరి సూర్యోదయమునుండి పది ఘడియలు లెక్కించి, తొందర లేదనిరి. నేను తిథి తొమ్మిది ఘడియలకే ముగియునంటిని. పంచాంగము పది యనుచుండగా బడిపంతులు తొమ్మిది యనుటేమని పెద్దలు కోపించిరి.

కారణము వినుడు. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచుండుటచే తూర్పు గ్రామములకు సూర్యుడు ముందుగా కనబడును. రేఖాంశమున నొక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషముల భేదము. ఈ రెండు పట్టణముల నడుమ సుమారు 5.7 డిగ్రీలు, అనగా 23 నిమిషములు. ఋతువునుబట్టి సూర్యోదయమున నించుక హెచ్చుతగ్గులుండును. ఘడియకు 24 నిమిషములేకదా! తిథి మాత్రము సూర్యచంద్రుల యెడమునుబట్టి యేర్పడును; అది ముగియు క్షణము లోకమంతటికి నొక్కటే.

ఆ యొక్క క్షణమును ఊరూరికి నొకేతీరున తెలుపగలది రేడియో తరంగము. మైలు దూరపు గుడిగంట మనకు దాదాపు ఐదు సెకనులకు వినబడును. రేడియో తరంగమో, కాంతివలె సెకనునకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోవును. ఢిల్లీనుండి హైదరాబాదు చేరుటకు దానికి సెకనులో 200వ వంతయు పట్టదు. సెల్‌ఫోనులో ఇంటర్నెట్టు ద్వారా వచ్చు ప్రసారము మాత్రము కొన్ని సెకనులు వెనుకబడుట కలదు. దానితో గడియారము సరిచేయరాదు.

రేడియో చెప్పునది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశపు కాలము. 1906 నుండి దేశమునకు అదియే ప్రమాణము. ఆ రేఖ మన కాకినాడకు సమీపముననే పోవుచున్నది. కావున తిథ్యంతమును రేడియో కాలములోనికి మార్చి చూడుడు; లగ్నమునకు, రాహుకాలమునకు మీ యూరి సూర్యునే యడుగుడు.

పూర్వము సెకను సైతము సూర్యగతినుండియే పుట్టినది. 1967లో శాస్త్రజ్ఞులు సీసియం పరమాణువునకు చెందిన, రేడియో జాతి తరంగమును గ్రహించి, అది 9,19,26,31,770 మాఱులు కంపించు కాలమే సెకనని నిర్ణయించిరి. కొలత్రాడు మాఱినంతమాత్రమున పొలము మాఱదు, కాలమును నట్టిదే.

నాటి వివాహమున నా లెక్కను పురోహితులవారే సరిచూచి యొప్పుకొనిరి. అర్ధఘడియ మిగిలియుండగా మంగళసూత్రధారణము జరిగినది. ఏ కొలతతో కొలిచితిమో ముందుగా చెప్పుకొన్నచో పందిట తగవుండదు.

స్వస్తి.