జెండాపై కుల్చా!

రాజుల జెండా మీద ఏముంటుంది? సింహమో, పులో, గద్దో, కత్తో... అంతేగా! హైదరాబాద్ నిజాముల జెండా మధ్యలో మాత్రం ఓ గుండ్రటి రొట్టె ఉండేదంటారు. ఆ రొట్టె వెనక ఓ కథ. ఆ కథ వెనక ఓ వంశం. పాతబస్తీలో ఆ గుర్తుల్ని వెతుక్కుంటూ వెళితే...

ఐరోపాలో పాత రాజవంశాలకు ఆస్తిపాస్తులతో పాటు ఓ డాలు గుర్తు కూడా వారసత్వంగా వస్తుంది. జర్మనీలో బవేరియాని ఏలిన విటెల్స్‌బాక్ వంశానిది నీలం, తెలుపు గళ్ల డాలు. 1918లో వాళ్ల రాజ్యం పోయింది. ఆ రంగులు మాత్రం బీఎండబ్ల్యూ కార్ల మీద ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. మన ఆసఫ్‌జాహీలకూ అలాంటి గుర్తుంది. కాకపోతే అది యుద్ధభూమిలో కాదు, భోజనాల దగ్గర పుట్టింది!

ఏడు తిన్నాడు... ఏడు తరాలు

ఆసఫ్‌జాహీల మూలాలు మధ్య ఆసియాలోని సమర్‌ఖండ్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కణ్నుంచి వచ్చి ఔరంగజేబు కొలువులో చేరిన ఖ్వాజా ఆబిద్, 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి ప్రాణాలు వదిలాడు. ఆయన మనవడే మీర్ ఖమ్రుద్దీన్. ఆయన ఓసారి ఔరంగాబాద్‌లో హజ్రత్ నిజాముద్దీన్ అనే సూఫీ గురువుని దర్శించుకున్నాడట. గురువు పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలు పెట్టి తినమన్నాడు. ఆకలి మీదున్న ఖమ్రుద్దీన్ ఏడు తిని, ఇక చాలన్నాడు. 'నీ వంశం ఏడు తరాలు ఏలుతుంది' అన్నాడట గురువు.

1724లో షకర్‌ఖేడా యుద్ధం గెలిచి ఖమ్రుద్దీన్ దక్కనుకి తిరుగులేని ప్రభువయ్యాడు. మొగల్ చక్రవర్తి ఇచ్చిన 'ఆసఫ్ జా' బిరుదే వంశం పేరైంది. సులేమాన్ చక్రవర్తి కొలువులోని తెలివైన మంత్రి ఆసఫ్. అంతటి హోదా కలవాడని దాని అర్థం.

మరి జోస్యం ఫలించిందా? గద్దెనెక్కింది నిజానికి పది మంది. మధ్యలో వచ్చిన నాసిర్‌జంగ్, ముజఫర్‌జంగ్, సలాబత్‌జంగ్‌లను 'ఆసఫ్ జా'ల వరుసలో లెక్కించరు. మిగిలింది ఏడుగురు. తండ్రి తర్వాత కొడుకుగా, సరిగ్గా ఏడు తరాలు! కథ ముందు పుట్టిందా, లెక్క సరిపోయాక పుట్టిందా అన్నది మీ నమ్మకం.

జెండా చదువుదామా!

గురువు ఇచ్చిన గుడ్డ పసుపు కాబట్టి జెండా పసుపు, మధ్యలో గుండ్రటి తెల్లని కుల్చా... ఇదీ జనం చెప్పుకునే మాట. అది కుల్చా కాదు, చంద్రుడనే వాళ్లూ ఉన్నారు. అరబ్బీలో 'ఖమర్' అంటే చంద్రుడే మరి! ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలానికి పైన 'ఘనతంతా దేవుడిదే' అనే అరబ్బీ మాట, కింద 'యా ఉస్మాన్' అనే పిలుపు వచ్చి చేరాయి.

నాణేల మీదా ఇలాంటి సంతకమే ఉంది. ఇంట్లో తాతయ్య దాచిన నిజాం రూపాయి ఉంటే తీసి చూడండి. చార్మినార్ బొమ్మ ద్వారంలో ఓ ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, 'ఐన్' అయితే ఉస్మాన్‌ది.

1877లో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన ఢిల్లీ దర్బారులో, వైస్రాయ్ లిట్టన్ సంస్థానాధీశులకు ఐరోపా పద్ధతిలో గీయించిన డాలు గుర్తుల పతాకాలు పంచాడు. గీసింది రాబర్ట్ టేలర్ అనే బ్రిటిష్ అధికారి. అప్పటికి మహబూబ్ పాషాకి పదేళ్లు! గుర్తు ఇవ్వడమంటే 'నీ పైన నేనున్నాను' అని చెప్పడమే కదా.

ఆకాశమంత పేర్లు

నిజాముల తర్వాత అంతటి వంశం పైగాలది. ఇది మన తెలుగు 'పైగా' కాదు, పారశీక పదం. నిజాం అశ్వదళాన్ని పోషించే బాధ్యత వాళ్లది. వాళ్ల గుర్తు బిరుదుల్లోనే ఉంది. షమ్స్ ఉల్ ఉమ్రా అంటే ప్రభువుల్లో సూర్యుడు. ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా పేర్లలో ఒకరిది ఆకాశం, మరొకరిది సూర్యుడు. వికార్ ఉల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా పేరులోనూ ఆకాశమే. అంతటి వాళ్లూ చివరికి పిసల్‌బండ దగ్గర, సున్నంతో లతలు చెక్కిన గోడల మధ్య నేల మీదే నిద్రిస్తున్నారు.

ఒకే గుర్తు... రెండు జ్ఞాపకాలు

ఈ పసుపు జెండా అందరికీ ఒకేలా కనిపించదు. పాతబస్తీలో ఎన్నో కుటుంబాలకు అది తాతల కొలువు, ఉస్మానియా ఆసుపత్రి, విశ్వవిద్యాలయం. తెలంగాణ పల్లెల్లో మరెన్నో కుటుంబాలకు వెట్టి, లెవీ ధాన్యం, రజాకార్ల దాడులు. రెండూ నిజమే. 2024లో తెలంగాణ రాజముద్రలో కాకతీయ తోరణం, చార్మినార్ ఉండాలా వద్దా అని అంత వాదన జరిగింది కూడా అందుకే. బొమ్మ చిన్నదే కానీ, అందులో ఎవరుంటే చరిత్ర వాళ్లదని అనిపిస్తుంది.

1948 సెప్టెంబరులో ఆ జెండా దిగింది. ఏడో నిజాం మనవడు ముకరంజా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే, తెచ్చి మక్కామసీదు ఆవరణలో రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా ఉన్న వరుసలోనే ఖననం చేశారు. ఆయన తొమ్మిదో తరం. కుల్చాల లెక్కలో లేని తరం!

ఈసారి పాతబస్తీకి వెళితే చౌమహల్లా చూసి వచ్చేయకండి. పొగలు కక్కే ఓ కుల్చా కొని పిల్లల చేతిలో పెట్టండి. రాజముద్రని తుంచుకుని తినడం ఇంకెక్కడ కుదురుతుంది!