షీట్ ఫిల్మ్‌కి ఏ డెవలపర్ బెస్ట్?

ఫోన్‌లో వంద ఫొటోలు తీసి తొంభై తొమ్మిది డిలీట్ చేసేస్తాం. 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్‌తో అలా కుదరదు. ఒక షీట్‌కి ఒకటే షాట్. అందుకే దాన్ని కడిగే రసాయనం, అంటే డెవలపర్, చూసి ఎంచుకోవాలి.

అందరూ ముందు అడిగేది గ్రెయిన్ గురించే. కానీ ఈ షీట్ 35 ఎంఎం ఫ్రేమ్‌కి దాదాపు 15 రెట్లు. ప్రింట్‌లో గ్రెయిన్ పెద్దగా కనిపించదు. నేను చూసేది రెండే: నిల్వ, టైమ్.

కొడాక్ డి-76 పొడి కలిపాక నిండు సీసాలో ఆరు నెలలే ఉంటుంది. నెలకి నాలుగు షీట్లు తీసే నాలాంటివాళ్లకి చాలా భాగం వృథా. 1891లో పేటెంట్ పొందిన రోడినాల్ చిక్కటి ద్రావణం ఏళ్ల తరబడి చెడదు. కావాల్సినప్పుడు కావాల్సినంతే కలుపుకోవచ్చు.

ఇక టైమ్. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌కి 20 డిగ్రీల దగ్గర 1+25 రోడినాల్‌లో 6 నిమిషాలు, 1+50లో 11. మన ఎండాకాలం నీళ్లలో ఈ టైమ్ ఇంకా తగ్గిపోతుంది. 5 నిమిషాల లోపుకి పడితే ఫిల్మ్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కడగబడి, ఆకాశం మచ్చలు మచ్చలుగా వస్తుంది. అందుకే నేను 1+50 కలిపి, ట్రేని ఐసు నీళ్లలో పెట్టి 24 డిగ్రీలకి దించుతా. అప్పుడు సుమారు 8 నిమిషాలు చాలు.

మీరూ మొదలుపెడితే ఒక్క డెవలపర్‌నే పట్టుకోండి. పది షీట్లు కడిగాక టైమ్ ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో మీ నెగటివ్‌లే చెప్తాయి.