నాదం ఆగని గిటార్

హజూర్ సాహిబ్ గురుద్వారా ఉన్న నాందేడ్‌కు కీర్తన కొత్త కాదు. సిక్కు కీర్తన సంప్రదాయంలో తావూస్, దిల్‌రుబా కమానుతో పలుకుతాయి. కమాను కదిలినంతసేపూ తీగకు బలం అందుతూనే ఉంటుంది. హార్మోనియానికి తిత్తి ఆ పని చేస్తుంది. గిటార్‌కు మాత్రం ఒక్క మీటే ఆధారం. ఆ మీటులోని శక్తి గాలిలోకి, చెక్కలోకి, వేలి కిందికి జారిపోగానే స్వరం అయిపోతుంది. మన రాగాలకు ఇది పెద్ద ఇబ్బంది: గమకం పూర్తయ్యేలోగా నాదం సన్నగిల్లుతుంది.

గిటార్‌లోనే అమర్చిన సస్టైనర్ ఈ లోటు తీరుస్తుంది. బ్రిడ్జి దగ్గరి పికప్ తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. చిన్న యాంప్లిఫయర్ ఒకటి దాన్ని పెంచి, మెడ దగ్గరున్న డ్రైవర్ అనే విద్యుదయస్కాంతానికి పంపుతుంది. ఊగే ఉయ్యాలను అదనులో తోసినట్టు, ఆ అయస్కాంతం ఉక్కు తీగను దాని లయలోనే లాగి వదులుతుంది. పోయినంత శక్తి తిరిగి అందితే స్వరం నిలుస్తుంది. తోపు దిశ తిరగేస్తే మూలస్వరం అణగి, పైనున్న హార్మోనిక్‌లు విచ్చుకుంటాయి. చాలా సస్టైనర్ గిటార్లలో మోడ్ స్విచ్ ఉండేది ఇందుకే.

ఆలోచన పాతదే. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ విద్యుదయస్కాంతాలతో శ్రుతిదండాలను ఆగకుండా మోగించాడు. 1930ల తొలినాళ్ళలో జార్జ్ బీచమ్ రూపొందించిన రికెన్‌బ్యాకర్ ‘ఫ్రైయింగ్ పాన్’ గిటార్‌కు అయస్కాంత పికప్ తెచ్చింది. తర్వాత రాక్ వాదకులు స్పీకర్ ఎదుట నిలబడి, దాని హోరుతోనే తీగను కదిలించారు. అందుకు చెవులు గింగిర్లెత్తే మోత కావాలి. 1969లో అమెరికాలో గ్రెగ్ హీట్ కనిపెట్టి, 1976లో బయటికి తెచ్చిన ఈబో ఆ మోత అక్కర్లేకుండా చేసింది. కాకపోతే చేతిలో పట్టుకునే ఆ పరికరం ఒకసారికి ఒక్క తీగనే నడుపుతుంది.

కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్ 1980లలో ఇదే సూత్రాన్ని గిటార్‌లోకి ఎక్కించి ‘ఇన్ఫినిట్ గిటార్’ తయారుచేశారు. యూ2 రాక్ బృందంలోని గిటారిస్ట్ ఎడ్జ్‌కు ఒకటి చేసిచ్చారు. 1987 నాటి ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాటలో తెగకుండా సాగే గిటార్ స్వరం దానిదే. నాకు అంతకన్నా విలువైనదిగా తోచే సంగతి ఇంకొకటుంది. ఆ బ్రూకే మన మాండొలిన్ శ్రీనివాస్‌తో కలిసి ‘డ్రీమ్’ అనే ఆల్బం చేశారు. 1995లో రియల్ వరల్డ్ సంస్థ దాన్ని విడుదల చేసింది.

పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్‌కు చిన్ననాడే ఎదురైన సమస్యా నాదం నిలవకపోవడమే. మామూలు మాండొలిన్‌కు నాలుగు జంట తీగలు. దీర్ఘస్వరం కావాలంటే చకచకా మీటుతూ పోవాలి. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకున్నారు. సన్నబడిన కంపనాన్ని కూడా పికప్ పట్టి వినిపిస్తుంది కాబట్టి ఒక్క మీటు మీదే గమకం సాగింది. నాదం నిలపడానికి యంత్రం కట్టిన మనిషీ, గమకం కోసం వాయిద్యాన్నే మార్చుకున్న విద్వాంసుడూ ఒకచోట చేరడం నాకెంతో సబబుగా తోస్తుంది.

అందుకే సస్టైనర్ గిటార్ కొనేటప్పుడు గమకంతోనే పరీక్షించమంటాను. సస్టైనర్ వేసి, మూడో తీగ మీటి, పక్కకు లాగి నెమ్మదిగా వదలండి. డ్రైవర్‌ను నడిపే సంకేతం ఆ తీగ నుంచే వస్తుంది కనుక, మారుతున్న శ్రుతి వెంట అది తడబడకుండా రావాలి. తర్వాత ప్రతి తీగనూ కింది ఫ్రెట్ నుంచి పై ఫ్రెట్ దాకా వినండి. సన్న తీగల దగ్గర బలం తగ్గుతోందా, స్వరం తనంతట తాను హార్మోనిక్‌లోకి జారుతోందా అన్నది అక్కడ తెలుస్తుంది. డ్రైవర్ అయస్కాంత క్షేత్రం నేరుగా పికప్‌లోకి చొరబడితే గిటార్ కీచుమని అరుస్తుంది. బ్రిడ్జి దగ్గర హంబకర్ (జంట చుట్టల పికప్) ఉన్నది మేలు. సస్టైనర్ నడుస్తున్నంతసేపూ వినిపించేది ఆ పికప్ గొంతే కాబట్టి, అది నచ్చకపోతే మిగతావి ఎంత బాగున్నా వద్దు.

పాత గిటార్‌కు సస్టైనర్ బిగించవచ్చు గానీ, చెక్క తొలిచి వైరింగంతా మార్చాలి. చెయ్యి తిరిగిన పనివాడు దగ్గర్లో లేనప్పుడు అమర్చి వచ్చినదే సుఖం. సర్క్యూట్ ఎవరిదో అడగండి. సస్టైనర్ గిటార్లు చేసిన జపాన్ కంపెనీ ఫెర్నాండెస్ 2024లో మూతపడింది. ఆ గిటార్ సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరికినా, విడిభాగాల సంగతి తేల్చుకున్నాకే డబ్బు తియ్యండి. అమెరికా సస్టైనియాక్ సర్క్యూట్‌తో షెక్టర్ మోడళ్ళు కొన్ని వచ్చాయి. ఏది కొన్నా, 9 వోల్టుల బ్యాటరీ ఒకటి అదనంగా సంచిలో ఉంచుకోవాలి.