ఏసీ చల్లగానే ఉంది, మరి గాలి సంగతి?

మా చెల్లెలు ఒక కోచింగ్ సెంటర్‌లో నీట్‌కి చదువుతోంది. కొన్ని నెలలుగా రోజూ సాయంత్రం ఇంటికి రాగానే తల పట్టుకుని కూర్చునేది. అమ్మీ మొదట కళ్లద్దాలు మార్పించింది. తర్వాత టిఫిన్ సరిగ్గా తినడం లేదని కోప్పడింది. ఆదివారం మాత్రం తలనొప్పి ఉండేది కాదు. ఈ తేడాని పట్టుకున్నది డాక్టర్ కాదు, మా మామూ. ఆయన రియాద్‌లో 14 ఏళ్లు మాల్స్‌లో, ఆస్పత్రుల్లో ఏసీ మెయింటెనెన్స్ పని చేసి వచ్చారు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "బేటీ, మీ క్లాసులో కిటికీ ఎప్పుడైనా తెరుస్తారా?"

"లేదు మామూ, చల్లదనం పోతుందని తెరవనివ్వరు."

పేరెంట్స్ తరఫున మాట్లాడి, ఒక మధ్యాహ్నం నేనూ మామూ ఆ క్లాసు చూడడానికి వెళ్లాం. గదిలో 60 మంది పిల్లలు, గోడకి రెండు స్ప్లిట్ ఏసీలు. లోపలికి అడుగు పెడితే హాయిగా చల్లగా ఉంది. మామూ జేబులోంచి ఒక చిన్న మీటరు తీశారు. అది గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో చూపిస్తుంది. బయట రోడ్డు మీద అది 450 దగ్గర ఉంది. క్లాసు మొదలైన గంటకి లోపల 2,000 దాటింది.

నేను బీకాం చదివినవాణ్ని, ఏసీ గురించి నాకు తెలిసింది రిమోట్ వరకే. కానీ లెక్క వేయడం వచ్చు కదా, మామూ చెప్పిన అంకెలతో వేసి చూశాను. కూర్చుని ఉన్న మనిషి గంటకి సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 60 మంది అంటే 1,080 లీటర్లు. గది 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు, అంటే దాదాపు 1,70,000 లీటర్ల గాలి. తలుపులు, కిటికీలు పూర్తిగా మూసేస్తే ప్రతి పది లక్షల భాగాల్లో గంటకి 6,000 పైనే పెరగాలి. 2,000 దగ్గర ఆగిందంటే తలుపు సందుల పుణ్యమే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ మోతాదులో కార్బన్ డయాక్సైడ్ విషం కాదు. గదిలో గాలి మారడం లేదని చెప్పే గుర్తు మాత్రమే. సాధారణంగా 1,000 దాటితే బయటి గాలి చాలడం లేదని అనుకుంటారు. గాలి మారని గదిలో మగతగా ఉంటుంది, తల బరువెక్కుతుంది, ఒక పిల్లాడికి జలుబు చేస్తే వారంలో సగం క్లాసు తుమ్ముతుంది.

చాలామందికి తెలియని విషయం ఇదే. స్ప్లిట్ ఏసీ బయటి నుంచి గాలి తేదు. గదిలో ఉన్న గాలినే లోపలికి లాగి, చల్లబరిచి, మళ్లీ మన మీదికే వదులుతుంది. బయట పెట్టే యూనిట్‌కీ లోపలి యూనిట్‌కీ మధ్య ఉన్నది రాగి గొట్టాలు, వైర్లు. వాటిలో తిరిగేది గ్యాస్, గాలి కాదు. మాల్స్‌లో, పెద్ద ఆస్పత్రుల్లో ఉండే సెంట్రల్ ఏసీలో మాత్రం బయటి గాలి కొంత కలపడానికి వేరే దారి పెడతారు. అది కూడా ఎవరో కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి మూసేయకపోతేనే.

అందుకే కమర్షియల్ బిల్డింగ్‌లో ఏసీ తనిఖీ అంటే "చల్లగా వస్తోందా?" అని చెయ్యి పెట్టి చూడడం కాదు. మామూ పద్ధతి ఏంటంటే, ముందు గాలి ఎక్కడి నుంచి వస్తోంది, ఎటు పోతోంది అని చూడాలి. తలకి నిమిషానికి 10 నుంచి 15 ఘనపుటడుగుల బయటి గాలి కావాలనుకుంటే, 60 మంది క్లాసుకి 600 నుంచి 900 కావాలి. ఒకటి రెండు మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు చేసే పని ఇది. అయితే గాలి బయటికి పోవాలంటే లోపలికి రావడానికి కూడా దారి ఉండాలి. ఎదురు గోడకి జాలీ లేకుండా ఫ్యాన్ ఒక్కటే పెడితే అది శబ్దం చేస్తుంది, పని చేయదు. ఆ వచ్చే గాలి కూడా టాయిలెట్ పక్క నుంచో జనరేటర్ పొగ గొట్టం పక్క నుంచో రాకూడదు. మామూ ముందు కిటికీ బయటికి తల పెట్టి చూసేది ఇందుకే.

తర్వాత యంత్రం. లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ థర్మామీటరుతో తేడా చూస్తారు. మామూలుగా 8 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. తక్కువ ఉంటే ఫిల్టర్ మూసుకుపోయిందా, కాయిల్ మీద దుమ్ము పేరుకుందా, గ్యాస్ తగ్గిందా అని వరసగా చూడాలి. మన రోడ్ల దుమ్ముకి ఎండాకాలంలో రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగాల్సిందే. ఫిల్టర్ వెనక కాయిల్ కింద నీళ్లు పడే ట్రే ఉంటుంది. ఆ ట్రేలో నీళ్లు నిలిచి నల్లటి పాకుడు పట్టిందంటే, ఏసీ వేయగానే వచ్చే ఆ తడి గుడ్డ వాసన అక్కడిదే. రూమ్ ఫ్రెష్‌నర్ కొడితే వాసన పోతుంది, పాకుడు పోదు.

గ్యాస్ విషయంలో మాత్రం మనవాళ్లు బాగా నష్టపోతున్నారు. ప్రతి ఏప్రిల్‌లో మెకానిక్ వస్తాడు, "గ్యాస్ అయిపోయింది సార్" అంటాడు, రెండు మూడు వేలు తీసుకుని నింపి పోతాడు. వచ్చే ఏడాది మళ్లీ అదే. కానీ ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. అదే గ్యాస్ లోపల తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ పట్టకుండా గ్యాస్ నింపడం అంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. "ముందు నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి లీక్ చూపించు, తర్వాత వాక్యూమ్ చెయ్, ఆ తర్వాతే గ్యాస్" అని అడగండి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తెస్తే అక్కడే ఆపేయండి. కంప్రెసర్ నూనెకి ఒత్తిడితో ఆక్సిజన్ తగిలితే పేలుతుంది. ఇప్పుడు కొత్త ఏసీల్లో వస్తున్న ఆర్-32 గ్యాస్ కూడా కొంతవరకు అంటుకునే రకం, ఆర్-290 అయితే అసలు ప్రొపేనే. పాత ఆర్-22 పద్ధతులు వీటి దగ్గర పనికిరావు. గల్ఫ్‌లో ఏసీ పనికి వెళ్లిన, వెళ్లబోతున్న మన పిల్లలు ఇది ఇంకా జాగ్రత్తగా చదవాలి.

ఇక కరెంటు. పాత కమర్షియల్ కాంప్లెక్స్‌ల వెనక వైపు ఎప్పుడైనా తల ఎత్తి చూశారా? సన్నటి డక్ట్‌లో పది, పదిహేను ఔట్‌డోర్ యూనిట్లు ఒకదాని మీద ఒకటి. కింది దాని వేడి గాలిని పైది పీల్చుకుంటుంది. దాంతో కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, వైరు వేడెక్కుతుంది. మధ్యలో టేపు చుట్టిన జాయింట్ ఉంటే మొదట కాలేది అదే. క్లాంప్ మీటరు అని ఒకటి ఉంటుంది, వైరు చుట్టూ తగిలిస్తే ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపిస్తుంది. ఆ అంకెని యూనిట్ ప్లేటు మీద రాసిన అంకెతో పోల్చాలి. అయిదు నిమిషాల పని. చాలా మంది మెకానిక్‌లు ఇది చేయరు, మనమూ అడగం.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచినప్పుడు ఆరుగురు చనిపోయారు. ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన యువతీ యువకులు వాళ్లు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది పోయారు, వాళ్లలో చిన్న పిల్లలు కూడా ఉన్నారు. రెండు చోట్లా ప్రాణాలు తీసింది ఎక్కువగా పొగ. పొగ మెట్ల దారిలో పైకి వస్తుంది, డక్ట్‌లు, షాఫ్ట్‌లు ఉంటే వాటిలోంచీ వస్తుంది. సెంట్రల్ ఏసీ ఉన్న బిల్డింగ్‌లో పొగ వచ్చినప్పుడు ఫ్యాన్ ఆగకపోతే, ఒక అంతస్తు పొగని అదే మిగతా అంతస్తులకి పంచుతుంది. అందుకే డక్ట్ ఫైర్ గోడ దాటే చోట ఫైర్ డ్యాంపర్ అనే ఇనప రెక్క పెడతారు. వేడి దాదాపు 70 డిగ్రీలు దాటితే దాని లింకు కరిగి అది మూసుకుపోవాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో ఇదంతా ఉంది. తనిఖీలో అడగాల్సింది: ఆ రెక్క చివరిసారి ఎప్పుడు మూసి చూశారు? ఫైర్ అలారం మోగితే ఏసీ ఫ్యాన్ దానంతట అదే ఆగుతుందా? సీలింగ్ లోపల ఏళ్లుగా ఎవరూ చూడని రెక్క తుప్పు పట్టి కదలకుండా ఉండే అవకాశం చాలా ఎక్కువ.

హోటల్ నడిపేవాళ్లకి ఇంకో మాట. బిర్యానీ, హలీమ్ వండే కిచెన్‌లో పొయ్యి మీది చిమ్నీ ఫిల్టర్లని రోజూ కడుగుతారు, బాగుంది. కానీ ఆ పైన డక్ట్ లోపల జిడ్డు పొరలు పొరలుగా పేరుకుంటుంది. కడాయిలోంచి ఒక మంట పైకి లేచిందంటే ఆ జిడ్డు పట్టుకుని టెర్రస్ దాకా వెళ్తుంది. డక్ట్‌కి మధ్య మధ్యలో తెరిచి శుభ్రం చేసే తలుపులు లేకపోతే, ఆ డక్ట్ పెట్టిన రోజు నుంచి ఎవరూ లోపల చూడలేదన్నమాట. రంజాన్‌కి ముందే ఈ పని పెట్టుకుంటే మంచిది, నెలంతా పొయ్యి ఆరదు కాబట్టి.

పెద్ద బిల్డింగ్‌ల టెర్రస్ మీద కూలింగ్ టవర్లు ఉంటాయి. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్‌లో మాజీ సైనికుల సమావేశం జరిగాక 221 మంది జబ్బుపడ్డారు, 34 మంది చనిపోయారు. కారణం లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా అని తర్వాతి ఏడాది తేలింది. గోరువెచ్చటి నిలవ నీటిలో అది పెరుగుతుంది, తుంపర్లతో గాలిలోకి వస్తుంది. కూలింగ్ టవర్ నీటికి మందు వేస్తున్నారా, రిజిస్టర్‌లో రాస్తున్నారా అన్నది అందుకే చూస్తారు. హీటింగ్ సంగతి మన హైదరాబాద్‌లో పెద్దగా లేదు, దాన్ని వదిలేద్దాం.

ఇప్పుడు నా సబ్జెక్టుకి వస్తాను, కాగితాలు. మన దగ్గర షాపుల్లో తనిఖీ అంటే ఏఎంసీ మెకానిక్ రావడమే. ఆ ఒప్పందం రెండు రకాలు. పార్టులు కూడా కలిపి ఇచ్చేది ఒకటి, కేవలం కూలీకి ఇచ్చేది ఒకటి. రెండోది చౌకగా కనిపిస్తుంది, కానీ గ్యాస్, కంప్రెసర్, పీసీబీ బయటే. సంతకం పెట్టే ముందు "ఇందులో లేనివి" అన్న పేరా చదవండి. ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు, వచ్చినప్పుడు ఏ అంకెలు రాసి ఇస్తారు అని కూడా రాయించుకోండి. ఆంపియర్లు, రెండు వైపుల ఉష్ణోగ్రత, గ్యాస్ ప్రెషర్. "సర్వీస్ చేశాం, ఓకే" అని రాసిన చీటీ ఎందుకూ పనికిరాదు.

ఇంగ్లండ్‌లో మన బంధువులు షాపులు నడుపుతుంటారు కదా, వాళ్లని అడగండి. అక్కడ 12 కిలోవాట్లు దాటిన ఏసీ వ్యవస్థకి అయిదేళ్లకోసారి గుర్తింపు ఉన్న ఇన్‌స్పెక్టర్‌తో తనిఖీ తప్పనిసరి. ఒక టన్ను అంటే దాదాపు 3.5 కిలోవాట్లు. అంటే రెండు టన్నుల ఏసీలు రెండు ఉన్న బట్టల షాపు కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ మీటరు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. సెన్సర్ ఎన్‌డీఐఆర్ రకమని రాసి ఉండాలి, మరీ చౌకవి ఉత్తుత్తి అంకెలు చూపిస్తాయి. ముందు టెర్రస్ మీద పెట్టి చూడండి, 400 నుంచి 500 మధ్య చూపిస్తే సరిగ్గా ఉన్నట్టే. పది మంది పేరెంట్స్ కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.

మా చెల్లెలి కోచింగ్ సెంటర్‌వాళ్లు మొదట "ఇంతవరకు ఎవరూ కంప్లయింట్ చేయలేదు" అన్నారు. మామూ వాదించలేదు, మీటరుని వాళ్ల మేనేజర్ బల్ల మీద పెట్టి, క్లాసులోకి తీసుకెళ్లి చూపించారు. వారం తర్వాత వెనక గోడకి రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ముందు తలుపు కింద జాలీ వచ్చాయి. క్లాసుకీ క్లాసుకీ మధ్య పది నిమిషాలు కిటికీలు తెరుస్తున్నారు. పోయిన బుధవారం మధ్యాహ్నం మీటరు 1,100 చూపించింది. ఇంకాస్త తగ్గాలని మామూ అంటున్నారు, మూడో ఫ్యాన్ డబ్బులు ఎవరు పెట్టాలన్న దాని మీద మాటలు నడుస్తున్నాయి.