చెవి పోయినా చిట్టా మిగిలింది

అమెరికాలోని ఒహాయోలో ఒకప్పుడు ఒక పెద్ద చెవి ఉండేది. పేరు కూడా అదే, 'బిగ్ ఇయర్'. మూడు ఫుట్‌బాల్ మైదానాలంత జాగాలో పరుచుకున్న రేడియో టెలిస్కోపు అది. ఆకాశంలో ఇంకెక్కడైనా తెలివైన జీవులుంటే వాళ్ల రేడియో సంకేతం వినాలని 1973 నుంచి 1995 దాకా కాపు కాసింది. దాని కింది నేల చేతులు మారింది. 1998లో టెలిస్కోపును కూల్చేశారు, గోల్ఫ్ మైదానం అక్కడిదాకా పాకింది.

కూల్చినా మిగిలింది దాని కాగితం.

ఆ టెలిస్కోపు కంప్యూటరుకు జ్ఞాపకశక్తి తక్కువ. విన్నదంతా ఎప్పటికప్పుడు ముద్రించేది. 50 ఛానళ్లకు 50 నిలువు వరుసలు, 12 సెకన్లకో అడ్డు వరుస. నేపథ్యపు రొదతో పోలిస్తే సంకేతం ఎంత బలంగా ఉందో ఒకే గుర్తుతో చెప్పాలి. 1 నుంచి 9 దాకా అంకెలు, 10 అయితే ఇంగ్లీషు 'ఎ', 11 అయితే 'బి', అలా 'జెడ్' దాకా. 1977 ఆగస్టు 15న ఒక ఛానల్లో వరసగా 6, ఈ, క్యూ, యు, జే, 5 పడ్డాయి. 'యు' అంటే 30. కొన్ని రోజుల తర్వాత కాగితాలు తిరగేస్తున్న టెలిస్కోపు బృంద సభ్యుడు జెర్రీ ఎహ్‌మన్ వాటి చుట్టూ ఎర్రసిరాతో గీసి, పక్కన 'వావ్' అని రాశారు.

టెలిస్కోపు కదలదు, భూమి తిరుగుతుంది. అందుకే ఒక నక్షత్రం దాని చూపులోకి వచ్చి దాటిపోవడానికి 72 సెకన్లు పడుతుంది. ఈ సంకేతం సరిగ్గా 72 సెకన్లు పెరిగి తగ్గింది. అంటే ఆకాశం నుంచి వచ్చినట్టే ఉంది. ఎన్నిసార్లు వెతికినా మళ్లీ వినపడలేదు.

మళ్లీ కనపడే గ్రహణాన్ని మళ్లీ కొలవచ్చు. ఒక్కసారే వచ్చిపోయినదాన్ని తిరిగి ప్రశ్నించాలంటే రికార్డే దిక్కు. ఈ సంకేతపు పౌనఃపున్యం విషయంలో ఆ బృందంలోని వాళ్ల లెక్కలే ఒకదానితో ఒకటి కలవలేదు. పాత కాగితాలను స్కాన్ చేసి 2025లో తిరిగి లెక్కగడితే, సంకేతం ఇన్నాళ్లూ అనుకున్నదానికన్నా బలమైనదని తేలింది. పౌనఃపున్యాన్నీ సవరించాల్సి వచ్చింది.

అయితే అంకెలుంటే చాలదు. ఆనాడు పరికరం ఏ స్థితిలో ఉంది, ఏ భాగం మార్చారు, ఏది తప్పుడు గంట కొట్టింది? ఇవి తరచూ పరిశోధనా పత్రాలకెక్కవు, న్యూస్‌లెటర్లలో, చిన్న పత్రికల్లో దొరుకుతాయి. బిగ్ ఇయర్ నిర్మాత జాన్ క్రాస్, సహచరుడు రాబర్ట్ డిక్సన్‌తో కలిసి 1979లో 'కాస్మిక్ సెర్చ్' అనే పత్రిక మొదలుపెట్టారు. 13 సంచికలు వెలువరించి 1982లో ఆగిపోయింది. తొలి సంచికలోనే ఖగోళశాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్, 1960లో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో ఇలాంటి సంకేతాల కోసం తాను చేసిన తొలి అన్వేషణను గుర్తుచేసుకున్నారు. టెలిస్కోపును ఎప్సిలాన్ ఎరిడాని నక్షత్రం వైపు తిప్పగానే సెకనుకు ఎనిమిదేసి చప్పుళ్లు! చివరికి అది మనుషుల సంకేతమేనని తేలింది. ఎలా మోసపోయామో రాసిపెట్టుకోకపోతే తర్వాతివాళ్లు అదే చోట మోసపోతారు. ఇప్పుడా సంచికలన్నీ కంప్యూటర్లో చదువుకోవచ్చు.

పాత కాగితాన్ని స్కాన్ చేసేవాళ్లు ఒక సంగతి మరవకూడదు. బిగ్ ఇయర్ చిట్టాలో అన్నిటికన్నా ఎక్కువ కనిపించే గుర్తు ఖాళీ. అది ముద్రణ లోపం కాదు, కొలతే. రొదకు మించి ఏమీ లేదని అర్థం. మనకు ఇంతవరకు దొరికినదంతా దాదాపు ఆ ఖాళీయే. దాన్ని పారేస్తే, విని ఏమీ లేదన్నవాళ్లకూ అసలు విననివాళ్లకూ తేడా తెలియదు.