ఒక్క మంచం చుట్టూ ఎన్ని కార్యాలయాలు!

వృద్ధులైన తల్లిదండ్రుల ఎదుట విసుగు మాటైనా పలకరాదని బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయత్ మనకు నేర్పుతుంది. ఆ బాధ్యతను మన కుటుంబాలు మోస్తూనే ఉన్నాయి. నిజం చెప్పాలంటే, చాలా ఇళ్లలో మోస్తున్నది కోడళ్లే. అయితే ఏళ్ల తరబడి మంచాన పడిన వారి సేవ ఒక్క ఇంటి శక్తికి మించిన పని. అందులో రాజ్యానికీ వాటా ఉంది. యాచిస్తున్న ఒక వృద్ధ యూదునికి హజ్రత్ ఉమర్ (రజి) బైతుల్‌మాల్ నుండి భృతి ఏర్పాటు చేయించిన ఉదంతాన్ని ఇమామ్ అబూ యూసుఫ్ ‘కితాబుల్ ఖరాజ్’లో నమోదు చేశారు.

నేడు మన ప్రభుత్వాల వద్ద పథకాలకు కొదవ లేదు. వాటిని ఒకచోట కలిపే చేయి లేదు. ఆంధ్రప్రదేశ్‌నే చూద్దాం. వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికి పరిమితమైన వారికి 15,000 రూపాయల పింఛను ఒక శాఖది. 70 ఏళ్లు దాటిన వారికి 2024 అక్టోబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా ఆరోగ్య శాఖది. చక్రాల కుర్చీలిచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన, 14567 సహాయవాణి కేంద్ర సామాజిక న్యాయ శాఖవి. 2007 నాటి చట్టం కింద బిడ్డల నుండి పోషణ ఖర్చు కోరితే రెవెన్యూ అధికారి ఎదుట నిలవాలి. ఎక్కడికక్కడ వేరే దరఖాస్తు, వేరే పత్రాలు. మంచం దిగలేని మనిషి తరఫున ఇవన్నీ తిరిగేదెవరు?

పైగా, బీమా ఆసుపత్రిలో చేరినప్పుడే పనికొస్తుంది. ఇంటికి చేర్చాక పడక పుండ్లు శుభ్రపరచడం, మూత్రపు గొట్టం మార్చడం ఎవరి పని? వృద్ధుల ఆరోగ్యానికై 2010లో మొదలైన జాతీయ కార్యక్రమంలో మంచాన పడినవారి ఇంటికి ఆరోగ్య సిబ్బంది వెళ్లాలని ఉంది. పింఛను సిబ్బంది ప్రతి నెలా ఆ గడప తొక్కుతారు. వారు చూసినది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలన్న నియమం ఒక్కటి గట్టిగా అమలైతే సగం చిక్కు వీడుతుంది.

కేరళ ఈ దారి పట్టింది. 2008 నాటి ఉపశమన సేవా విధానంతో అక్కడ పంచాయతీలూ ఆరోగ్య శాఖా కలిసి నర్సులను ఇళ్లకు పంపుతున్నాయి. ముస్లింలు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు స్వచ్ఛంద సేవకులే ఈ ఉద్యమానికి బలం.

2007 చట్టం అమలుకై రాష్ట్ర ప్రభుత్వం కలెక్టరుకు అధికారాలు అప్పగించవచ్చు. కనుక ఈ శాఖలన్నిటినీ నెలకొకసారి ఒక్క జాబితా ముందు కూర్చోబెట్టే బాధ్యత ఆయనదే కావాలని మేము కోరుతున్నాము. మస్జిద్ కమిటీలు అంతవరకు ఆగనవసరం లేదు. మొహల్లాలో మంచాన పడిన వృద్ధుల పేర్లను, మతం చూడకుండా, ఈ జుమా తరువాతే రాసుకుని ఒక ప్రతిని సచివాలయంలోనూ, మరొకటి ఆరోగ్య కేంద్రంలోనూ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.