ముందు నడిచేవారు, వెనుక నడిచేవారు

సంఘములో కలహము ఎక్కడ మొదలవుతుందో ఎప్పుడైనా గమనించారా? చాలాసార్లు అది సిద్ధాంతము దగ్గర మొదలు కాదు. కానుకల లెక్క దగ్గర మొదలవుతుంది. మైకు ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర, క్రిస్మసు నాడు ముందు కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర మొదలవుతుంది. చిన్న మాట పెద్దదవుతుంది. రెండు కుటుంబాలు పలకరించుకోవడము మానేస్తాయి. కొన్నాళ్లకు ఒకే గుడి ఉన్న పల్లెలో రెండు ఆరాధనలు జరుగుతాయి. గుడి తాళంచెవి కోసము కోర్టు మెట్లు ఎక్కిన సంఘాలూ మన మధ్య లేకపోలేదు. పెద్దలు గెలుస్తారో ఓడుతారో గాని, నష్టపోయేది మాత్రము సండే స్కూలు పిల్లలే. నిన్నటిదాకా పక్కపక్కన కూర్చొని పాటలు నేర్చుకున్నవారు నేడు ఒకరి ముఖము ఒకరు చూడకూడదని ఇంట్లో వింటారు.

ఇటువంటి సమయాలలో “మంచి నాయకుడు లేడు” అని సంఘము అంటుంది. “మాట వినే సంఘము లేదు” అని నాయకుడు అంటాడు. రెండు మాటలలోనూ కొంత నిజమున్నది. అయితే ఇద్దరూ మరచిపోయిన సంగతి ఒకటున్నది. సంఘములో ముందు నడిచేవాడు కూడా ఒకరి వెనుక నడిచేవాడే. ప్రధాన కాపరి క్రీస్తు ఒక్కడే. పాస్టరుగారూ, సంఘ పెద్దలూ, స్త్రీల మైత్రి అధ్యక్షురాలూ, గుడి ఊడ్చే అమ్మా అందరూ ఆయన అడుగుజాడలలో నడిచేవారే. ఈ సంగతి మనసులో నిలిస్తే నడిపించడమూ, వెంబడించడమూ రెండూ సులువవుతాయి.

మామ మాట విన్న మోషే

నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒక్కడే కూర్చొని ప్రజల తగవులు తీర్చుచుండెను. చూడటానికి అది గొప్ప సేవ. కాని అతని మామ యిత్రో దానిని మెచ్చుకొనలేదు. ఇలా చేస్తే నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. దేవునికి భయపడేవారిని, లంచము అంటనివారిని ఎన్నుకొని, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలుగా నియమించమని సలహా ఇచ్చాడు.

ఎర్ర సముద్రము దాటించిన మోషే ఈ సలహాను త్రోసిపుచ్చలేదు. చెప్పినవాడు మిద్యాను యాజకుడని తక్కువ చేయలేదు. విన్నాడు, చేశాడు. వినడము తెలిసినవాడే నడిపించగలడు. మన సంఘాలలో ప్రసంగమూ, పద్దూ, పెండ్లీ, సమాధీ అన్నీ ఒక్కరే చూచుకుంటున్నారంటే అది ఆ ఒక్కరి గొప్పతనము కాదు. ఆ ఒక్కరూ మంచాన పడిన నాడు సంఘమంతా మంచాన పడుతుంది.

సణిగినవారి చేతికే బల్ల

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో మరొక సంగతి ఉన్నది. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. పన్నెండుమంది అపొస్తలులు వారిని గద్దించలేదు, వెళ్లగొట్టలేదు. ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఈ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఏ వర్గము నొచ్చుకున్నదో, బహుశా ఆ వర్గమువారి చేతికే సంఘము బల్లను అప్పగించింది.

మన పల్లెలలో ఈ మాటను కులము విషయములో ఆలోచించవలెను. ఒకే పాత్రలోనుండి ప్రభువు బల్లలో పాలుపొందేవారము, కమిటీ ఎన్నిక వచ్చేసరికి మాలపల్లె, మాదిగపల్లె అని లెక్క పెట్టుకుంటున్నామా? ఎక్కువమంది మావారే కనుక పెత్తనము మాదే అనుకొనేవారు ఈ అధ్యాయమును మరల చదువుకోవలెను.

దోర్నకల్ నేర్పిన పాఠము

మన తెలుగు సంఘ చరిత్రలోనే దీనికి చక్కని సాక్ష్యమున్నది. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874లో తిరునల్వేలి ప్రాంతములోని ఒక పల్లెలో పుట్టారు. తండ్రి పల్లె గురువు. అజరయ్యగారు వై.ఎం.సి.ఎ.లో చాలా సంవత్సరాలు పనిచేసి, 1909లో మిషనరీగా నిజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చారు. ఆయన మాతృభాష తమిళము. పల్లె ప్రజలను నడిపించవలెనంటే ముందు వారి మాట నేర్చుకోవలెను కదా! అందుకే తెలుగు నేర్చుకున్నారు. బోధించవచ్చినవాడు మొదట విద్యార్థి అయ్యాడు.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు అజరయ్యగారు మాట్లాడారు. పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, మాకు స్నేహితులు కూడా కావాలి అని నిర్మొగమాటముగా కోరారు. ఆ మాట కొందరికి నచ్చలేదు. అయినా ఆయన దానిని చాటున అనలేదు. వారందరి ఎదుటనే, మర్యాద తప్పకుండా అన్నారు. తరువాత వారితో కలిసే పనిచేశారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారు బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. దీని వెనుక మరొక మనిషి ఉన్నారు. ఆయన మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు. ఒక భారతీయుని కింద యూరోపియనులు పనిచేయడమా అని అప్పట్లో చాలామంది మిషనరీలు అభ్యంతరము చెప్పారు. వైట్‌హెడ్‌గారు వెనుకకు తగ్గలేదు. తన అధ్యక్ష మండలములోనే కొంత భాగమును విడదీసి, దానిని అజరయ్యగారి చేతికి అప్పగించారు. తన పొలములో గట్టు వేసి మరొకరికి ఇవ్వడము సామాన్యమైన పని కాదని రైతు కుటుంబాలవారికి మేము వేరే చెప్పనక్కరలేదు. తరువాతి కాలములో కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా దోర్నకల్‌లో చేరాయి. ఇంగ్లాండు నుండి వచ్చిన మిషనరీలు ఆ భారతీయ బిషప్పు కింద సేవ చేశారు. నడిపించడానికి అలవాటుపడినవారు వెంబడించడము నేర్చుకున్నారు.

అజరయ్యగారు పొందినదానిని తన దగ్గరే ఉంచుకొనలేదు. బాప్తిస్మము పొందినవారిని తమ తలపై తామే చెయ్యి పెట్టుకొమ్మని చెప్పి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలుగారి మాటను వారిచేత పలికించేవారు. అక్షరము రాని కూలివాడైనా, బిడ్డను చంకనెత్తుకున్న తల్లియైనా ఆ మాట పలకవలసినదే. ఆనాడు ఊరి బావి దగ్గరకు కూడా రానివ్వని ప్రజల తలలపై అంత గొప్ప బాధ్యత పెట్టారు. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆయన వెళ్లినా సంఘము నిలిచింది. మంచి నాయకుని కొలిచే కొల ఇదే. ఆయన లేనప్పుడు ఎంతమంది నిలబడి నడవగలుగుతున్నారు?

వెంబడించడము అంటే తల ఊపడము కాదు

నాయకులకు లోబడమని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము చెప్పుచున్నది. వారు మన ఆత్మలను గూర్చి లెక్క ఒప్పజెప్పవలసినవారు కనుక, దుఃఖముతో కాక ఆనందముతో ఆ పని చేయునట్లు చూడమని కూడా చెప్పుచున్నది. ఎండలో సైకిలు మీదనో, బస్సు దిగి కాలినడకననో నాలుగు పల్లెలు తిరిగే పాస్టరుగారి ఇంట పొయ్యి వెలిగిందో లేదో అడిగేవారెందరు? పిడికెడు బియ్యము తీసి పెట్టే మన తల్లులు ఈ వాక్యమును అందరికన్న బాగా నెరవేర్చుచున్నారు.

అయితే లోబడడమంటే తప్పును తప్పు అనకపోవడము కాదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము మానివేసినప్పుడు పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు. అదే పేతురు తన రెండవ పత్రికలో పౌలును ప్రియ సహోదరుడు అని పిలిచాడు. ఒకడు చాటున కాక ఎదుట చెప్పాడు, రెండవవాడు పగ పెట్టుకొనలేదు. నేడు మనము చేయుచున్నదేమి? పాస్టరుగారితో చెప్పవలసిన మాటను టీ బడ్డీ దగ్గర చెప్పుచున్నాము, వాట్సాప్ గ్రూపులలో పెట్టుచున్నాము. మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడమని ప్రభువు మత్తయి 18లో చెప్పాడు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్దమీద నేరారోపణ అంగీకరించవద్దని పౌలు తిమోతికి వ్రాశాడు. సాక్ష్యముంటే మాత్రము దాచిపెట్టమనలేదు. బలహీనులకు హాని జరిగినచోట సంఘము పరువు పేరుతో నోరు మూయించడము లోబడడము కాదు, అది పాపములో పాలుపొందడమే.

డబ్బు విషయములోనూ పౌలు మాదిరి చూడండి. యెరూషలేము పరిశుద్ధుల కొరకైన చందాను ఆయన ఒంటరిగా తీసికొని వెళ్లలేదు. ఎవరూ నింద మోపకుండునట్లు సంఘములు ఏర్పరచిన సహోదరుని తోడు పెట్టుకున్నాడు. పౌలుకే సాక్షులు అవసరమైతే మన కోశాధికారికి అవసరము కాదా? కానుకలు ఇద్దరు లెక్కించి, మొత్తమును సంఘము ఎదుట చదివితే సగము కలహాలు పుట్టకముందే పోతాయి. లెక్క అడగడము అవమానపరచడము కాదు. లెక్క చెప్పడము చిన్నతనమూ కాదు.

ఇంటిలో ఆలోచించవలసినవి

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఈ ప్రశ్నలను ముందు పెట్టుకొందము. మనము సంఘములో పెద్దలమైతే, ఈ ఏడాది ఏ యౌవనునికి, ఏ సహోదరికి ఒక పని నేర్పి అప్పగించాము? మనము సభ్యులమైతే, పాస్టరుగారి పేరు మన ప్రార్థనలో ఎక్కువగా వినబడుచున్నదా, మన ఫిర్యాదులలోనా? పిల్లలు వింటుండగా భోజనము దగ్గర సంఘ పెద్దలను గూర్చి ఏమి మాట్లాడుచున్నాము? పదవి పోయిన మరుసటి ఆదివారము కూడా మనము గుడికి వచ్చి, వెనుక చాపమీద సంతోషముగా కూర్చొనగలమా?

వలపటి ఎద్దూ దాపటి ఎద్దూ చెరొక దిక్కుకు లాగితే కాడి విరుగుతుంది, చాలు వంకరపోతుంది. రెండూ కలిసి అడుగు వేస్తే ఎంత గట్టి నేలయైనా దున్నబడుతుంది. శిష్యుల పాదములు కడిగిన ప్రభువు, నడిపించేవారికి దీనమనస్సును, వెంబడించేవారికి సత్యము పలికే ధైర్యమును, మన పల్లె సంఘములకు సమాధానమును అనుగ్రహించును గాక. ఆమేన్.